పిట్ట ముట్టని అన్నం

కోడలు ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే జోహరా బీ "పిల్లలకు బుద్ధి చెప్పే సర్కారీ నౌకరీ" అని గొప్పగా చెప్పుకునేది. అందులో రెండు అబద్ధాలున్నాయి. జేబాది సర్కారీ నౌకరీ కాదు, ఏటా మార్చి వచ్చిందంటే ఉంటుందో ఊడుతుందో తెలియని కాంట్రాక్టు కొలువు. ఆమె బుద్ధి చెప్పేదీ లేదు. కేసుల్లో ఇరుక్కున్న మైనరు పిల్లలను ఉంచే హోంలో ఆమె కౌన్సెలరు. పొద్దున్నే కోరుట్లలో బస్సెక్కి జగిత్యాల పోవడం, సాయంత్రం మళ్లీ అదే బస్సులో నిలబడి రావడం. భర్త ఫైజల్ ఎనిమిదేళ్లుగా షార్జాలో ఉన్నాడు. శుక్రవారం శుక్రవారం ఫోన్లో అతను అక్కడ అంతా బాగుందనేవాడు, ఈమె ఇక్కడ అంతా బాగుందనేది. ఇద్దరూ నమ్మినట్టే ఉండేవాళ్లు.

హోంలో ఇరవై ముగ్గురు పిల్లలు. సిరిసిల్లలో మరమగ్గాల సాంచాల చప్పుడు మధ్య పెరిగి బడి మానేసినవాళ్లు కొందరు. తండ్రి ముఖాన్ని ఫోన్లో తప్ప సరిగా చూడని గల్ఫ్ ఇళ్ల పిల్లలు కొందరు. వీళ్లందరి మనసులూ కొలవడానికి జేబా దగ్గర ఒకే ఒక ఫారం ఉంది. నలభై రెండు ప్రశ్నలు. ఏ మహానుభావుడు ఏ ఊళ్లో కూర్చుని తయారుచేశాడో గానీ, ఆ తెలుగు వింటే పిల్లలకు నవ్వయినా వచ్చేది, నిద్రయినా వచ్చేది. అయినా ప్రతి ప్రశ్నకూ "అవును మేడం" అనేవాళ్లు. సర్కారు కాగితానికి కాదంటే ఇంకో పది ప్రశ్నలు అడుగుతారని వాళ్ల భయం. అవునంటే తొందరగా వదిలేస్తారు. జేబాకు ఆ సంగతి తెలుసు. తెలిసీ అవును దగ్గర టిక్కు పెట్టేది, ఎందుకంటే ఆమెకూ ఐదింటి బస్సు ఉంది.

చందు కూడా అన్నిటికీ అవుననే అన్నాడు.

పదిహేడేళ్లవాడు, వెల్గటూర్ దగ్గరి పల్లె. తాత కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. తల్లి వాడి నాలుగో ఏటే పోయింది. తండ్రి రాజలింగం డ్రైవరు పని అనుకుని ఎడారి దేశం పోతే అక్కడ గొర్రెల మంద అప్పగించారు. ఆరేళ్లు ఆ మంద వెంటే తిరిగి, ఒక మధ్యాహ్నం కుప్పకూలి పోయాడు. శవం పెట్టెలో వచ్చింది. వారం తిరగకుండానే చందు కోరుట్ల వచ్చి, తండ్రిని పంపిన ఏజెంటు తలమీద ఇనుప రాడ్డుతో కొట్టాడు. ఆ ఏజెంటు బతికాడు. చందు హోంకు వచ్చాడు.

వచ్చిన రోజు నుంచీ వాడిది ఒకటే వరస. కంచంలోంచి నాలుగు ముద్దలు తీసి కిటికీ గట్టుమీద పెట్టి, దానికేసి చూస్తూ ఏదో గొణిగేవాడు. తర్వాత గంటలకొద్దీ కూర్చునేవాడు. తినేవాడు కాదు. మరీ కళ్లు తిరిగినప్పుడు రెండు మెతుకులు మింగేవాడు. కోతుల బెడదకు కిటికీలన్నిటికీ సన్న జాలీ కొట్టించారు కాబట్టి ఆ అన్నం అక్కడే ఎండి చీమలు పట్టేది. కాపలా ఉండే పోశం రిజిస్టర్లో రాశాడు: "అన్నం పారేస్తున్నాడు. కిటికీతో మాట్లాడుతున్నాడు. ఎదురుగా ఎవరూ లేరు."

ఇలా నెల దాటాక జేబా ఫారం తీసింది. ఎదుట లేని వ్యక్తులతో సంభాషిస్తున్నావా? అవును మేడం. ఆహారం పట్ల విముఖత ఉందా? అవును మేడం. మూడో రోజుకు రిపోర్టు తయారైంది. మతిస్థిమితం లేదనే అనుమానం, మానసిక వైద్యశాలలో చేర్చి పరీక్షించడం మంచిది. కింద సంతకం, ముద్ర. మంగళవారం పిల్లల కేసులు చూసే బోర్డు ముందుకు ఆ కాగితం పోతుంది. బోర్డు సరేనంటే వాడు పిచ్చాసుపత్రికి పోతాడు. అక్కడికి పోయి వచ్చినవాడిని ఊరు మళ్లీ మామూలు మనిషిగా చూడదని జేబాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ అలా రాయకపోతే, రేపు వాడేమైనా చేసుకుంటే, అడిగేది ఆమెనే.

శనివారం వాడి నాయనమ్మ బుచ్చవ్వ ములాఖాతుకు వచ్చింది. మనవడిని చూడకముందే ఆమె అడిగిన మాట ఇది:

"ఈ హోంకు కాకులస్తయా బిడ్డా?"

"కాకులా? ఎందుకవ్వా?"

"మూడొద్దులనాడు గోదారి ఒడ్డున పిట్టకు పెట్టినం. కల్లు వెట్టినం, చాపల పులుసు వెట్టినం, వానికి పానమైనయన్ని వెట్టినం. ముట్టలే. చెట్టు మీద కూసున్నయిగని కిందికి దిగలే. ఒక్కొక్కలం ఒక్కో మాట ఒప్పుకున్నం. నీ కొడుకును సదివిపిస్తం రా, ముట్టురా అన్న. మా ఇంటి పాలోళ్లేమో, ఏజెంటు మోసం జేసిండని వాని పానం ఆన్నే కొట్టుకుంటుందన్నరు. గా మాట పట్టుకొనే ఈ పోరడు కోరుట్లకు పోయిండు."

జేబా పుట్టి పెరిగింది కోరుట్లలోనే. పక్కింటి నర్సక్క మామ చనిపోయినప్పుడు ఆ ఇంటివాళ్లంతా విస్తరి పెట్టి, ఆకాశంకేసి చూస్తూ ఎండలో నిలబడడం తొమ్మిదేళ్ల జేబా గోడమీంచి చూసింది. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టరని, పోయినవాడి మనసులో ఏముందో కనుక్కుని మాట ఇవ్వాలని నర్సక్కే చెప్పింది. ఇంత తెలిసిన మనిషి, చేతిలో ఫారం ఉందని, ఉన్న తెలివి బస్టాండులో వదిలేసి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే చందును పిలిపించింది. ఫారం సొరుగులో పడేసింది.

"మీ నాయినకు రోజు ఏం మాట ఇస్తున్నవు చందూ?"

వాడు మొదటిసారి తలెత్తి ఆమె ముఖం చూశాడు. తర్వాత నోరు విప్పాడు. చెప్పాల్సిందంతా చెప్పి చివరకు, "అవ్వకు ఎరుక గావద్దు మేడం. ఎరుకైతే నా మొకం సూడది. ఒట్టెయ్యుండ్రి" అన్నాడు. జేబా ఒట్టు వేసింది. కౌన్సెలర్లు ఒట్లు వేయకూడదని ట్రైనింగులో చెప్పారో లేదో ఆమెకు గుర్తు లేదు.

మంగళవారం బోర్డు గదిలో మేజిస్ట్రేటు మేడం రిపోర్టు చదువుతుండగా జేబా లేచి నిలబడింది.

"మేడం, అది తప్పు రిపోర్టు. వెనక్కి తీసుకుంటాను."

"సంతకం మీదే కదా?"

"నాదే. తప్పు కూడా నాదే."

వెనక కూర్చున్న సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. మార్చి ఇక రెండు నెలలే ఉందని ఆ దగ్గు గుర్తుచేసింది. అయినా జేబా పిట్టకు పెట్టడం గురించి, కిటికీ జాలీ గురించి ఒక్కొక్కటే చెప్పుకుపోయింది. మేజిస్ట్రేటు ఓపికగానే విన్నది.

"ఆచారం అర్థమైంది. కానీ నలభై రోజులు తిండి మానేయడం ఏ ఆచారంలోనూ ఉండదమ్మా. దీని వెనక ఇంకేదో ఉంది. అబ్బాయి మీతో ఏం చెప్పాడు? అది తెలియకుండా ఆసుపత్రి వద్దని నేనెలా రాయను?"

చెబితే జేబా వాడికిచ్చిన మాట పోతుంది, బల్లకు అవతల చందు పక్కనే బుచ్చవ్వ కూర్చుని ఉంది. చెప్పకపోతే వాడు ఆసుపత్రికి పోతాడు. తను రాసిన కాగితమే వాడి మెడకు ఉరై బిగుస్తుంటే చూస్తూ నిలబడాల్సిందే. మేజిస్ట్రేటు పెన్ను మూత తీసింది.

"నేన్జెప్త" అన్నాడు చందు. వాడు అవ్వ వైపు చూడలేదు. "నాయిన ఇమోల వీడియో ఫోన్ జేసి, ఈ యేడు గూడ సెలవు దొరుకలే కొడుకా, రాను అన్నడు. నాకు కోపమచ్చింది. నువ్వు అచ్చినా రాకున్నా మాకొక్కటే, రాకు, ఆన్నే ఉండు అన్న. ఎనిమిదొద్దులకు సచ్చిపోయిండు. నేను రావద్దన్న గదా మేడం. అందుకే పిట్టయి గూడ రాలే. రా నాయినా, తప్పయిందని దినాం అడుగుతున్న. వస్తలేడు. నాయిన తినంది నాకెట్ల మింగుడువడ్తది?"

బుచ్చవ్వ బల్ల పట్టుకుని లేచింది. మనవడిని తిడుతుందని జేబా భయపడింది.

"సెలవు దొరుకక గాదురా" అన్నది ముసలమ్మ. "సెలవు దొరికింది. వస్తనన్నడు. నేనే వద్దన్న. ఇల్లు సగంల ఉన్నది కొడుకా, స్లాబు వడ్డంక రా, ఇంకొక్క యేడాది ఓర్సుకో అన్న. నీకు నా పేరు జెప్పలేక సెలవు మీద వెట్టిండు. గోదారి ఒడ్డున అందరు అన్ని మాటలు ఒప్పుకున్నరు. నేను గీ ఒక్క మాట ఒప్పుకోలే. నల్గురి ముందట నోరు రాలే. పిట్ట ముట్టంది నీ వల్ల గాదు, నా వల్ల."

చందు అప్పుడు చూశాడు అవ్వ వైపు. ఏడవలేదు. నలభై రోజులుగా తానొక్కడే మోస్తున్నాననుకున్న దానికి రెండో కొస పట్టుకున్న మనిషి ఇంత దగ్గరలో ఉందని ఇప్పుడే తెలిసినవాడిలా, నోరు తెరుచుకుని చూశాడు.

మేజిస్ట్రేటు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆసుపత్రి సిఫారసు కొట్టేసింది. కానీ రాడ్డు దెబ్బ రాడ్డు దెబ్బే, ఆ కేసు ఎక్కడికీ పోదు. కొత్త రిపోర్టు కావాలి, దాన్ని వేరే కౌన్సెలరు కూడా చూడాలి. అప్పటిదాకా పదిహేను రోజులు హోంలోనే ఉంచాలని రాయించింది. ఇంటికి పంపుతారనుకుని బుచ్చవ్వ తెచ్చిన ఉతికిన అంగీ సంచిలోనే ఉండిపోయింది.

బయట వ్యాను వచ్చేదాకా బల్లమీద కూర్చోనిచ్చారు. బుచ్చవ్వ టిఫిను డబ్బా విప్పింది. ముద్ద కలిపి మనవడి నోటి దగ్గర పెట్టింది. వాడు పెదవులు బిగించాడు.

"నువ్వు తిన్నవా అవ్వా?"

పోశం కూడా తల తిప్పుకునేంత చిక్కిపోయిన ఆమె చేతులే జవాబు. ఆమె ఆ ముద్దను తన నోట్లోనే పెట్టుకుని, కష్టంగా, కళ్లనీళ్లతో మింగింది. రెండో ముద్ద కలిపింది. ఈసారి వాడు నోరు తెరిచాడు.

డబ్బా సగం కూడా కాకముందే వ్యాను వచ్చింది. బుచ్చవ్వ ఎంగిలి చేత్తోనే మనవడి వెనక గేటు దాకా నడిచింది. పోశం వాణ్ని ఎక్కించి, వ్యాను తలుపు వేసి బయట గొళ్లెం పెట్టాడు.