జబల్ అఖ్దర్ మీద గ్లాసుడు ద్రాక్షరసం

ఆగస్టులో ఒక శుక్రవారం పొద్దున్న అయిదున్నరకి మస్కట్ నుంచి బయల్దేరాం. బండిలో ముగ్గురం: నేను, పదకొండేళ్ళుగా నేను పనిచేస్తున్న ఇంటి యజమాని, డ్రైవరు గంగారాం. సార్‌ది ఆస్ట్రియా దేశం. ఎనభై దాటాయి. గొంతు కేన్సరు. మూడు వారాలుగా ముక్కులోంచి వేసిన గొట్టంతోనే ఆహారం. ఇక చేసేదేమీ లేదని డాక్టరు చెప్పాక ఆయన ఒక్కటే అడిగారు, అప్పుడే పిండిన ద్రాక్షరసం వాసన చూడాలని. ఈ నెలలో జబల్ అఖ్దర్ కొండ మీద ద్రాక్ష దొరుకుతుందని గంగారామే చెప్పాడు. అతనిది జగిత్యాల వైపు పల్లె.

ఏడుంబావుకి కొండ కింది ఊరు చేరాం. అక్కడ పరాటా, చాయ్ తీసుకున్నాం. సార్ ఎదుట తినలేక బండి వెనక్కి వెళ్ళి తిన్నాను. చెక్‌పోస్టులో ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితేనే పైకి వదులుతారు. వెళ్ళాలనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఘాట్ ఎక్కుతుంటే సార్ కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆయన తల్లిదండ్రులు వాళ్ళ ఊళ్ళో సొంత తోట వైన్ అమ్మే చిన్న సత్రం నడిపేవారు. ఆయన్ని మెలకువగా ఉంచాలని, "అలాంటి చోటికెళ్తే ఏం తాగాలి సార్?" అని అడిగాను.

గుసగుసగా, ఆగి ఆగి చెప్పారు. "ద్రాక్ష కోతలప్పుడైతే ఇంకా పులుస్తున్న రసం. మడ్డిగా, తియ్యగా ఉంటుంది. తియ్యగా ఉంది కదా అని గటగటా తాగితే కాళ్ళు నిలవవు. ఎండగా ఉంటే తెల్లవైన్‌లో సగం సోడా. బండి నడిపేవాళ్ళకీ, నీలాంటివాళ్ళకీ ఉత్త ద్రాక్షరసం. ఏదైనా రొట్టెతో, నెమ్మదిగా."

నీలాంటివాళ్ళంటే ఎవరో నాకు తెలుసు. మాది పాలకొల్లు దగ్గర. నా భర్త తాగి తాగి ముప్పై ఎనిమిదో ఏట పోయాడు. పనిలో చేరిన కొత్తలో ఆ మాట సార్‌కి చెప్పాను. ఆనాటి నుంచి తన వైన్ గ్లాసు ఆయనే కడుక్కునేవారు.

ఎనిమిదిన్నరకి పైన ఒక పల్లెలో ఆగాం. మెట్లు మెట్లుగా పొలాలు, పందిళ్ళ మీద నల్లద్రాక్ష. ముసలి రైతొకాయన సార్‌ని చూసి, "మరీద్?" అన్నాడు, జబ్బా అని. తలూపాను. రెండు గుత్తులు కోసి, గుడ్డలో వేసి పిండి గ్లాసు అందించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

సార్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు ఉన్నారు. తర్వాత నా చేతికిచ్చారు. "నువ్వు తాగు. ఎలా ఉందో చెప్పు."

ఒక గుక్క తాగాను. "ముందు తీపి సార్. తర్వాత పులుపు."

"చివర్లో? వగరుందా?"

"ఉంది సార్, తొక్క వగరు."

ఆయన నవ్వారు. నేను గ్లాసు కింద పెట్టేలోపే వేలు ముంచి నాలుక మీద రాసుకున్నారు. ఒక్క చుక్క. దగ్గు మొదలై ఆగలేదు. తువ్వాలంతా నెత్తురు. గంగారాం పరుగెత్తుకొచ్చి ఆయన్ని ఎత్తుకున్నాడు.

"దిగుదాం అక్కా. సార్ పానం ఎట్లనో ఉన్నది."

దగ్గు తగ్గాక ఆస్పత్రికి వద్దని, ఇంటికేనని సార్ చేత్తో సైగ చేశారు. బండి చిన్న గేరులో మెల్లగా దిగింది. చెక్‌పోస్టు దాటాక ఆయన అడిగారు, "మీ ఆయన ఏం తాగేవాడు?"

అతను పోయిన ఈ పంతొమ్మిదేళ్ళలో నన్నెవరూ అడగలేదు. తాగి పోయాడట అనేసి ఊరుకుంటారు. చెప్పాను. మొదట కల్లు, తర్వాత సారా, చివరికి ఏది దొరికితే అది. కల్లు రోజుల్లో ఇంటికొచ్చి పాటలు పాడేవాడని, అప్పుడు నాకూ ఇష్టంగానే ఉండేదని కూడా చెప్పాను. మా అమ్మకి కూడా చెప్పని మాట అది.

సార్ ఆ వారం దాటలేదు.

కొండ ఎలా ఉందని తెలిసినవాళ్ళు అడుగుతారు. చల్లగా ఉంటుంది, ఆగస్టులో వెళ్ళండి అంటాను. నా మనసులో నిలిచిపోయింది మాత్రం తిరుగు ప్రయాణమే. నా తొమ్మిదేళ్ళ కాపురం మస్కట్ చేరేలోపే చెప్పడం అయిపోయింది.