ఫెన్సింగుకు నేను చెప్పిన అర్థం

ఒక్క మాటకు తప్పు అర్థం చెప్పి, గడప దాక వచ్చిన పెండ్లి సంబంధాన్ని కరెంటు తీగ మీద ఆరేసిన పిల్లను ఎక్కడన్న చూసిన్రా? చూడకుంటే ఇప్పుడు చూసుకోండ్రి, నేనే. నవ్వుతే నవ్వుండ్రి గని మా ఆయన ముంగట నవ్వకుండ్రి, ఆయనకు సందు దొరికితే చాలు.

ఎనభైలల్ల ముచ్చట. వరంగల్‌ల మా బాపుకు ఇనుప సామాన్ల దుకాణం, ఎనకనే ఇల్లు. ఇంట్ల ఇంటర్ దాక చదివింది నేనొక్కదాన్నే. చెట్టు లేని ఊళ్ళె ఆముదపు చెట్టే మహావృక్షమంటరు గదా, మా ఇంట్ల ఆ ఆముదపు చెట్టును నేను. దవాఖాన చీటీ వచ్చినా, మందు సీస వచ్చినా "ఏం రాసిండో చూడు బిడ్డా" అని బాపు నా చేతికే ఇచ్చేటోడు. తెలిసినా తెల్వకున్నా నేను టపటప చెప్పేదాన్ని.

గప్పుడే మా మేనమామ సంబంధం తెచ్చిండు. "పిలగాని పేరు రవీందర్, బావా. కాజీపేటల రైల్వే నౌకరి. క్రికెట్ల, ఫెన్సింగుల, రెండిట్ల ఫస్టే. రెండిట్ల కప్పులు తెచ్చిండు."

నేను చెవులు రిక్కిచ్చిన. ఆ రవీందర్‌ను నేను కాలేజి గ్రౌండుల చూసిన. సిక్సర్ కొడితే బంతి ఎవలింట్లనో పడి నీళ్ళ కుండ పలిగింది. జట్టంత పరార్! ఆయనొక్కడే పోయి ఆ ఇంటి అవ్వకు చేతులు జోడిచ్చిండు. చేసుకుంటే గిసొంటోన్నే చేసుకోవాలె అని ఆ దినమే అనుకున్న.

బాపు మాత్రం మొఖం ముడిచిండు. "బ్యాటు పట్టుకొని తిరిగేటోనికి నా పిల్లనియ్య. అవునే, ఆ రెండోది, ఫెన్సింగంటే ఏంది?"

"కంచె, బాపు. ముండ్ల తీగతోని కంచె కట్టుడు."

"కంచె కడితే కప్పులిస్తరా?"

"మస్తుగ కడితే ఇస్తరు బాపు." ఆముదపు చెట్టుకు అనుమానాలుండయి మరి!

మా దుకాణంల సగం సరుకు ముండ్ల తీగనే. బాపు మొఖం వెలిగిపోయింది. "గట్ల చెప్పరాదు! ఐతారం రమ్మనుండ్రి."

ఐతారం రవీందర్ వాళ్ళ అమ్మతోని వచ్చిండు. నేను పరదా ఎనక నిలబడ్డ. బాపు చాయ్ తాగుకుంట మొదలుపెట్టిండు.

"ఫెన్సింగు ఎన్నేండ్ల సంది చేస్తానవు బిడ్డా?"

"ఏడేండ్ల సంది, సార్."

"ఎంత పొడుగుంటది?"

"పద్నాలుగు మీటర్లు."

"గంతేనా?"

"రూలు గంతే, సార్."

"సరే. ఇనుప జాలి పెడ్తరా?"

"మొఖానికి పెడ్తం."

"ముందరి దిక్కన్నట్టు. మంచిదే. మరి ఎనక?"

"ఎనక వైరుంటది సార్. కరెంటుది."

బాపు చేతుల కప్పు ఆగింది. "కరెంటా! మనుషులకు తగిల్తే?"

"తగలాల్నే సార్! తగిల్తేనే లైటు వెలుగుతది. పాయింటొస్తది."

"ఓరి నాయినో! ఎంతమందికి తగిలిచ్చినవు?"

"ఏం లెక్క సార్, పోయిన పోటీల ఒక్క దినమే పన్నెండు మందికి."

వాళ్ళమ్మ మురిసిపోయి అందుకున్నది. "మా గల్లీ పిల్లలకు గూడ నేర్పుతాండు అన్నా, బంగారం అసొంటి పిలగాడు."

బాపు దిగ్గున లేసిండు. "లే! ముందు బయటికి నడువు!"

పాపం రవీందర్‌కు ఏం సమజ్ కాలే. "సార్, ఫికర్ చెయ్యకుండ్రి, జర్ర గూడ నొప్పి పుట్టది. ఉట్టిగ కత్తితోని పొడుసుడే."

"కరెంటు సాలదని కత్తి గూడనా!"

వాళ్ళమ్మ చెప్పులల్ల కాళ్ళు పెట్టింది. నా పానం పోతాంది. ఇంకో నిమిషం ఊకుంటే ఆ మనిషి మళ్ళ మా గడప తొక్కడు. సిగ్గంత పక్కకు వెట్టి పరదా గుంజి బయటికి ఉరికిన.

"బాపు, అర్థం నేనే తప్పు చెప్పిన! నాకు తెల్వదు! కంచె గాదంట, కత్తి ఆటంట!"

రవీందర్ నన్ను చూసిండు, బాపును చూసిండు, నవ్వు ఆపుకుంట మూలకున్న, తీగ కొలిచే ఇనుప గజం అందుకున్నడు. దాన్ని మొఖం ముందట నిలువుగ పట్టి బాపుకు సలాం చేసిండు. ఒక్క అంగల ముంగటికొచ్చి, గజం కొసను బాపు అంగీ గుండీకి తాకీ తాకనట్టు ఆనిచ్చి, మళ్ళ సలాం చేసిండు.

"గింతే సార్. కొస తాకితే లైటు వెలుగుతది, మనిషికి కరెంటు కొట్టది."

బాపు గుండీ తడుముకున్నడు. "మరి కంచె కట్టుడు రాదా?"

"రాదు సార్. నేర్పితే నేర్చుకుంట."

బాపు మీసాల ఎనక నవ్వు దాసుకొని నా దిక్కు మళ్ళిండు. "నీ ఇంగ్లీషు సంగతి అర్థమైంది. పిలగాడు నచ్చిండా లేదా, తెలుగుల చెప్పు."

"నచ్చిండు, బాపు" అన్న. నా జన్మల అనుమానం లేకుంట చెప్పిన అర్థం గదొక్కటే.

గా దినమే ఒట్టు వెట్టుకున్న. సూర్యుడు పడమర పొడిసినా సరే, ఇంగ్లీషు మాటకు ఇంకోపారి అర్థం చెప్పను. మొన్న మా ఆయన, గదే రవీందర్, పేపరు చదువుకుంట "ఈ మాటకు అర్థమేందే?" అని అడిగిండు. తెలిసి గూడ తెల్వదన్న. ఒట్టంటే ఒట్టే!