తలుపున్న గది

మా అత్తమ్మ పోయిన వారం ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఇంట్లో అందరం ఏడ్చాం. కానీ నా భార్య ఏడుపులో భయం లేదు. అదెందుకో చెప్పాలంటే బాత్రూం దగ్గర మొదలుపెట్టాలి. పోయినవాళ్ల గురించి ఎవరూ అక్కడ మొదలుపెట్టరని తెలుసు. ఏం చేయను, అత్తమ్మ భక్తి అక్కడే ఉండేది.

అప్పట్లో మాది పాశమైలారంలో ఒక్క గది కిరాయి ఇల్లు. వంట మూలకు పరదా, బయట బాత్రూంకు రేకు తలుపు. నాది షిఫ్టు డ్యూటీ. మాతోనే ఉండే అత్తమ్మ ఓ మందుల కంపెనీ క్యాంటీన్‌లో కూరగాయలు కోసేది. తెల్లవారగానే ఆమె బాత్రూంలోకి వెళ్తే ఓ పట్టాన వచ్చేది కాదు. నేను భుజాన తువ్వాలతో, కంపెనీ బస్సు హారన్ వింటూ, బయట నిలబడి దీర్ఘశాంతం నేర్చుకునేవాణ్ణి.

కడుపు బాగాలేదేమోనని డాక్టర్‌కు చూపించాం. ఆయన ఏదో పొడి రాసిచ్చాడు. ఆమె మారుమాట్లాడకుండా రోజూ నీళ్లలో కలుపుకుని తాగింది.

ఒకరోజు నల్లా రాలేదు. బాత్రూంలో చుక్క నీళ్లు లేవు. అయినా ఆమె లోపలే ఉంది. బయటికి రాగానే నా భార్య పట్టుకుంది.

"నీళ్లే లేవు గదనే అమ్మా, గింతసేపు లోపల ఏం జేసినవ్?"

"ప్రార్థన."

"బాత్రూంలనా?"

"తలుపేస్కొని చెయ్యమన్నడు గద యేసయ్య. మనింట్ల తలుపున్న గది ఇంకోటి యాడుందే?"

"మరి ఆ పొడి ఎందుకు తాగినవ్ అత్తమ్మా?" అన్నాను.

"పొడి తాగితె కడుపే ఖరాబైతది అల్లుడా. నీకు చెప్తె ప్రార్థన ఖరాబైతది. ఆదివారం కల్లా సంఘమంత తెలుస్తది."

అందులో అబద్ధం లేదు.

ఏకాంత ప్రార్థన గురించి నేను చాలా ప్రసంగాలు విన్నాను. అన్నీ మైకులోనే. చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ కొందరు తమ ఉపవాసాలు వివరంగా చెప్తుంటే అత్తమ్మ చాప అంచు సవరిస్తూ కూర్చునేది. ప్రార్థించమంటే, "ప్రభువా, అందర్ని సల్లగ సూడు, ఆమెన్" అని, మేం కళ్లు మూసుకునే లోపే ముగించేది.

"నువ్వు ప్రార్థనల ఎదగాలె అక్కా," అందొక సోదరి.

"ఎదుగుతనమ్మా. జెర టైం ఇయ్యి."

ఓసారి క్యాంటీన్ మేస్త్రి అందరి ముందు తిట్టాడు. ముఖం ఎర్రగా చేసుకుని ఇంటికొచ్చి నేరుగా రేకు తలుపు వేసుకుంది. బయటికొచ్చాక, "చాయ పెట్టాల్నా?" అని అడిగింది. ఆ మేస్త్రి మాట మళ్లీ ఎత్తలేదు. చాయలో చక్కెర మాత్రం మరిచిపోయింది. మనిషే కదా.

మొన్న ఎండాకాలం పక్షవాతం వచ్చి కుడివైపూ మాటా పడిపోయాయి. అప్పటికి మేం కిష్టారెడ్డిపేటలో రెండు గదుల ఇంట్లో ఉన్నాం. నా భార్యకు ఒక్కటే దిగులు.

"నోరు లేదు, లేవనీకె రాదు. అమ్మ ఇగ దేవునితోని ఎట్ల మాట్లాడుతదయ్యా? ఒక్కతే లోపల భయపడుతదేమో."

నాకు చేతనైంది చేశాను: సంఘానికి కబురు చెప్పాను.

సంఘంవాళ్లు వచ్చి మంచం చుట్టూ నిలబడి ప్రేమగా, చాలా గట్టిగా ప్రార్థించేవారు. అత్తమ్మ కళ్లు మాత్రం మాటిమాటికీ తలుపు వైపు పోయేవి. ఎవరి కోసమో చూస్తోందనుకుని ఊర్నుంచి ఆమె తమ్ముణ్ణి పిలిపించాం. ఆయన మంచం పక్కన కూర్చున్నాక కూడా అటే చూసింది.

అప్పుడు తట్టింది నా భార్యకు. "జెర అందరు బయటికి రాండ్రి," అని మమ్మల్ని పంపి, తానూ వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

వరండాలో కూర్చున్నాం. కాసేపటికి నా భార్య కిటికీ పరదా కొంచెం తొలగించి చూసి, నన్ను చెయ్యూపి పిలిచింది. "భయం లేదయ్యా," అంది మెల్లగా.

మధ్యాహ్నపు వెలుగులో అత్తమ్మ పెదవులు ఎడమవైపు మాత్రమే కదులుతున్నాయి. చప్పుడు లేదు. కాసేపటికి అవి ఆగాయి. చెప్పాల్సింది చెప్పేసి, ఇక అవతలివాళ్లు చెప్పేది వింటున్న మనిషిలా తల కొద్దిగా పక్కకు వంచింది.