గొలుసుకు ఆముదం

"తొక్కేది కాళ్లా, చక్రాలా? ఉన్న సైకిలుకు ఏమైంది?" అన్న నేను, మనుమరాలు కొత్త చక్రాలు కొంటనంటె.

"బరువు అమ్మమ్మా. గా తేలిక చక్రాలు ఏసుకుంటె ఎత్తు ఎక్కంగ జెర ఊపిరి ఆడ్తది. జీతం నాది, నీ పింఛను అడుగుతలేను."

"మా పెద్దన్న రెండు పాల క్యాన్లు కట్టుకోని ఇస్మాయిల్‌ఖాన్‌పేట కాడి నుంచి సంగారెడ్డికి తొక్కేటోడు. ఆయనకు ఏం చక్రాలున్నయే?"

"నువ్వు ఎన్కాల కూసున్నవా చూసెతందుకు?"

పటాన్‌చెరు కంపెనీల నౌకరి చేసే నా మనుమరాలు గా మాట అని తలుపేసుకున్నది. నిన్న సాయంత్రం ముచ్చట గిది. నేను పెద్దన్న సంగతి సగమే చెప్పిన. తక్కిన సగం ఇన్నేండ్లల్ల ఎవ్వరికి చెప్పలే.

అప్పుడు నాకు పదేండ్లు. మూడో తరగతితోని బడి బందైంది. కొట్టంల పెయ్య నాది. దాని తల్లి చచ్చిపోతే గంజి తాపి బతికిచ్చిన, నా గొంతు ఇంటెనే మెడ ఎత్తేది. పెద్దన్న తెల్లారకముందే పాలు తీసుకపోయి, సంగారెడ్డిల పట్నం పోయే మొదటి బస్సుకు ఎక్కియ్యాలె. బస్సు తప్పితే ఆ పూట పాలు దండుగ. సైకిలు తుడిచి గొలుసుకు నూనె ఏసుడు నా వంతు. దుకాణం నూనె ఒడిసింది. ఇంట్ల కుండెడు ఆముదం ఉండంగ కొనుడెందుకని, నా తెలివికి నేనే మురుసుకుంట, రోజూ ఆముదమే పోసిన.

చలికాలం వచ్చింది. బాట మీది దుమ్మంత ఆముదానికంటి గొలుసు పాకం పట్టినట్టైంది. పెద్దన్న రొప్పుకుంట తొక్కేటోడు. ఒక్క వారంల రెండుసార్లు బస్సు తప్పింది. "సైకిలు ముసలిదైంది బాపూ. కొత్త చక్రాలు, మంచి సీటు ఏపిస్తెనే నడుస్తది" అన్నడు. బాపు చుట్ట ఆరిందాక ఆలోచించి, "అంగడి నాడు పెయ్యను అమ్ముదాం" అన్నడు. ఆ రాత్రి నేను కొట్టంల పెయ్య పక్కనే పండుకున్న.

అంగడి నాడు బాపు, సైకిలు నడిపిచ్చుకుంట పెద్దన్న పోతుంటె, పెయ్య పగ్గం పట్టుకోని నేను గూడ పోయిన. ముందుగాల చక్రాల ధర అడుగుదామని సైకిల్ మేస్త్రీ దుకాణం కాడ ఆగినం. గడ్డం నెరిసిన చాచా పెడలు ఒక్కసారి తిప్పిండు, గొలుసు మీద వేలు పెట్టి వాసన చూసిండు. "ఆముదం పోసిందెవరు? చక్రాలకేం కాలే. దీనికి తానం చేపియ్యున్రి" అన్నడు. నేను పెయ్య ఎన్కాలకు జరిగిన. పెద్దన్న నా మొకం దిక్కు చూసి, "నేనే పోసిన చాచా" అన్నడు. నడిబజార్ల బాపు ఆయనను తిట్టిన తిట్లన్ని పెయ్య పక్కన నిలబడి ఇన్న. చాచా గొలుసును దీపాలకు పోసే గ్యాసునూనెల నానబెట్టి కడిగిండు. పెయ్య నాతోనే ఇంటికొచ్చింది. ఆ తర్వాత బస్సు తప్పలే.

ఆ పెయ్య నాలుగు ఈతలు ఈనింది. పెద్దన్న పోయి గూడ శాన ఏండ్లైంది. ఆముదం ముచ్చట ఆయన ఎన్నడు తియ్యలే, నేను తియ్యలే. ఇన్నేండ్లు గడిచినా ఆ జిగురు నా వేలికి ఉన్నట్టే ఉంటది.

ఇయ్యాల పొద్దుగాల మనుమరాలు లేవకముందే లేచి, దాని సైకిలు కాడ కూసోని, గొలుసు మీద వేలు పెట్టి చూసిన. వేలికి ఏ జిగురు అంటలే. తల ఎత్తితే అది తలుపుల నిలబడి ఉన్నది.

"గొలుసు మంచిగనే ఉన్నది. చక్రాలు కొనుక్కో" అన్న.