ఏసు తల్లి మీ పిల్లే గదా

మొన్న విశాఖలో మా అపార్టుమెంటు ఎదురుగా పునాదులు తవ్విన చోట జల్లు పడి, తడిసిన ఎర్రమన్ను వాసన కిటికీలోంచి వచ్చేసరికి, చేతిలో పని వదిలేసి అలాగే నిలబడిపోయాను.

తొంభైల చివర్లో నాన్న విశాఖ మన్యంలో, ముంచింగిపుట్టు అవతల ఓ కొండ ఊళ్లో సర్కారు కాంపౌండరు. మేం గుంటూరు వైపు నుంచి వచ్చిన తెలుగు యూదులం; ఆ చుట్టుపక్కల మాలాంటి ఇల్లు ఇంకొకటి లేదు. శుక్రవారం పొద్దు వాలుతుండగా అమ్మ వీధిగదిలో రెండు కొవ్వొత్తులు వెలిగించేది. శనివారం మాకు విశ్రాంతి దినం, పొయ్యి రాజేయం గనక ముందే కలిపి ఉంచిన పులిహోర తిని, గుమ్మంలో కూర్చుని, మంచు విడిపోతూంటే బయటపడే వలిసెపూల పసుపును ఒక్కదాన్నే చూస్తుండేదాన్ని. చింతపిక్కలాటకు నాకున్న జత దారి అవతలి ఇంటి సుక్రి ఒక్కతే.

ఒక ఏడాది ఈస్టరు ముందు మైదానం నుంచి వచ్చిన బోధకుడెవరో యూదుల మీద నిప్పులు కక్కి వెళ్లాడు. తెల్లారేసరికి మా గోడ మీద బొగ్గుతో ‘ఏసును సంపినోళ్లు’ అని రాసి ఉంది. నాన్న తడిగుడ్డతో తుడిస్తే మరక ఇంకా పెద్దదయింది. కుళాయి దగ్గర అమ్మను చూసి ఆడవాళ్లు బిందెలు పక్కకు జరుపుకున్నారు. సుక్రి దూరం నుంచే, “నీతో ఆడొద్దని మాయమ్మ సెప్పింది,” అని పరుగెత్తింది. ఆ రాత్రి అమ్మానాన్నలు గొంతు తగ్గించి బదిలీ గురించి మాట్లాడుకున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం ఊరి పాస్టరు దానయ్య తట్టనిండా ఎర్రమన్ను మోసుకొచ్చాడు. వెనకే ఊరిదేవత పూజారి డొంబు తాత, కిరాణా కొట్టు అప్పలమ్మ. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ నాన్న, “మా మూలంగా మీకెందుకండీ గొడవ?” అన్నాడు.

“ఏసుబాబు తల్లి ఎవులు బాబూ? మీ యూదుల పిల్లే గదా,” అన్నాడు దానయ్య. “ఆ మాట మా వోళ్లకి నానే ముందు సెప్పాల్సింది. నిన్న సెప్పినాను.”

“మీరు మొక్కనేదని నా దేవతకి ఏనాడైనా కోపమొచ్చినాదేటి?” అన్నాడు డొంబు తాత. “బేగి నీళ్లు తెండి.”

అమ్మా అప్పలమ్మా కలిసి గోడంతా అలికారు. పొద్దు వాలుతుండగా, గోడ మీద రాత చూశాక పెరటిగదిలోకి మార్చిన కొవ్వొత్తులను అమ్మ మళ్లీ వీధిగదిలోకి తెచ్చి వెలిగించింది. తమకు అర్థంకాని మా ప్రార్థన ముందు ఆ ముగ్గురూ కదలకుండా కూర్చున్నారు. ఈస్టరు దాటేదాకా సాయంత్రమయ్యేసరికి వాళ్లలో ఎవరో ఒకరు మా అరుగు మీద ఉండేవారు. కుళాయి దగ్గర మాటలు మళ్లీ మొదలయ్యాయి. సుక్రి మాత్రం రాలేదు. దారి అవతల నిలబడి చూసి వెళ్లిపోయేది. చింతపిక్కలు ఒక చేత్తో నా వంతు, రెండో చేత్తో తన వంతు నేనే ఆడుకున్నాను. వానాకాలంలో నాన్నకు బదిలీ అయింది.

కిందటేడు ఆ ఊరెళ్లాను. తారు రోడ్డు పడింది, మా ఇంటి చోట రేకుల షెడ్డు ఉంది. ఆ ముగ్గురిలో ఎవరూ లేరు. యూదులంటే ఎవరని అక్కడి కుర్రాళ్లు నన్నే అడిగారు. ఇక్కడ లిఫ్టులో ఎవరైనా కులం కనుక్కోవాలని “మీరేవిట్లు?” అని అడిగితే నవ్వి ఊరుకుంటాను. మా అరుగు మీద వచ్చి కూర్చునేవాళ్లు ఈ ఊళ్లో నాకెవరూ లేరు.