మా బావ దాచుకున్న పళ్లు

మా బావ శేషగిరిరావు ఏ వస్తువునైనా దాచడానికే కొంటాడు. పిసినారి అందామంటే, పిసినారి అసలు కొనడు. ఈయన కొని, గుడ్డ కప్పి, చూసుకుని మురుస్తాడు. నరసరావుపేటలో కాలువల ఆఫీసు గుమాస్తా. స్కూటరు కొన్న నాలుగేళ్లకు కూడా సీటు మీది ప్లాస్టిక్ కవరు ఊడదీయలేదు. చంకలో కొత్త గొడుగు పెట్టుకుని వానలో తడుస్తూ ఇంటికొచ్చిన మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను. ఆయనంటే నాకు మొదటినుంచీ చులకనే.

యాభై దాటేసరికి ఆయన పై దవడలో దంతాలు రెండు పక్కలా ఊడిపోయాయి. కట్టుడు పళ్లు నోట్లో పెడితే వాంతి. దాంతో మా అక్క ఇందిర రెండు పూటలా అన్నం, కూర చిన్న రోట్లో మెత్తగా నూరి పెట్టేది. రెండేళ్లలో ఆమె కుడి భుజం పట్టేసింది, జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు.

1983లో హైదరాబాదులో ఒక డాక్టరు, విదేశంలో చదివొచ్చినవాడు, ఎముకలో మేకులు దించి వాటి మీద పళ్లు కడతానన్నాడు. పై దవడకు ఎగువన, ముక్కు పక్కన గాలి గది ఒకటి ఉంటుందట. పళ్లు పోయాక ఆ గదికి కింద ఎముక పలచబడుతుంది, మేకు నిలవదు. అందుకని తుంటి ఎముక కాస్త చెక్కి, గది అడుగును పైకెత్తి, ఆ ఖాళీలో నింపాలి. అది అతుక్కున్నాక మేకులు. కొత్త వైద్యం గనక ఊరికే చేస్తానన్నాడు. షరతల్లా ఏటా వచ్చి చూపించుకోవడం; అవి ఎన్నేళ్లు నిలుస్తాయో డాక్టరు రాసుకోవాలి.

"ఒప్పుకోండి, నాకీ రోలు తప్పుద్ది," అని అక్క బతిమాలింది.

ఏడాది పట్టింది. పళ్లు కట్టించుకుని ఇంటికొచ్చిన రోజు అక్క గోంగూర, జంతికలు చేసి విస్తరి వేసింది. బావ విస్తరి పక్కకు నెట్టాడు.

"ఏమే, నూరి పెట్టు."

"పళ్లొచ్చినయ్‌గా?"

"అప్పుడే వాడితే అరిగిపోతయ్. రేపు అవసరానికి ఉండొద్దా?"

ఆ అవసరం ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. ఇంటికొచ్చిన ప్రతివాడికీ నోరు తెరిచి చూపించేవాడు, తర్వాత నూరిన ముద్ద మింగేవాడు. అక్క మళ్లీ రోలు ముందు కూర్చుంది. ఏటా డాక్టరు పళ్లు తట్టి, ఫొటో తీసి, బాగున్నాయని రాసుకునేవాడు. ఎలా తింటున్నారని ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు.

1989లో డాక్టరు పళ్ల డాక్టర్లందరినీ పిలిచి సభ పెట్టాడు. అక్కా నేనూ కూడా వెళ్లాం. బావను వేదిక మీద కూర్చోబెట్టి, "ఐదేళ్లయింది, ఒక్క మేకు కదల్లేదు," అన్నాడు. టీతో పెట్టిన జంతికొకటి ఆయన చేతికిచ్చి, "నమిలి చూపించండి," అన్నాడు.

బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇంటికెళ్లి తింటానండీ."

"మరి రోజూ ఏం తింటున్నారు?"

వెనక వరసలోంచి అక్క లేచి నిలబడింది.

"నేను నూరి పెడతన్నానండీ. ఐదేళ్లనించీ."

సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. డాక్టరు మాత్రం కలం మూత పెట్టేశాడు. "వాడని పళ్లు నిలిచాయని ఏం రాసుకోమంటారండీ?" అన్నాడు.

మర్నాడు ఇంట్లో అక్క రోలు పెరట్లోకి దొర్లించి బోర్లించింది. బావ జేబులోని జంతికను తీసి అన్నం పక్కన పెట్టింది. ఆయన చాలాసేపు విస్తరి వైపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఆకలికి ఆగలేక కళ్లు మూసుకుని కొరికాడు. విరిగింది జంతికే. మెల్లగా దాన్నంతా తిన్నాడు, గోంగూరన్నం కూడా తిన్నాడు.

"గట్టియ్యేనే ఇవి," అన్నాడు ఆశ్చర్యపోతూ.

"మొదటి రోజునించీ గట్టియ్యేగా," అంది అక్క. కుడి చెయ్యి లేవక, ఎడం చేత్తో కళ్లు తుడుచుకుంది.