ఇయ్యాల ఏ వీధికి పోతాం?

“అమ్మను ఇంటికి తెస్తాండాము. అంగడి ముందర కొంచెం జాగా చెయ్యి” అని ధర్మపురి ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేశాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. రాగుల మూటలు పక్కకు జరిపి, బల్ల లోపలికి ఎత్తించి, నేల కడిగాను. మా అత్త రోజూ కూర్చునే కుర్చీ ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియలేదు. దాన్ని పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

నేను కుప్పం పక్క పుట్టి, సరిహద్దు దాటి ఏరియూరు దగ్గర ఈ ఊరికి కోడలిగా వచ్చినదాన్ని. ఇక్కడ మావాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ బడి చదువంతా తమిళం కాబట్టి తెలుగు చదవడం రాదు. అత్తకూ రాదు. నేనేదైనా రాసుకుంటుంటే, “రాసేది నీవు రాస్తావు, చదివి చెప్పేదెవరు నాకు?” అని ఎగతాళి చేసేది. చదివి చెప్పేదాన్ని కూడా నేనే. వింటూ వింటూ చింతపండు గింజలు తీసేది, నచ్చకపోతే మధ్యలోనే లేచి పోయేది.

మామ చిన్న వయసులోనే పోయారట. అప్పటినుంచి అంగడి ఆమెదే. పిక్కిలి కొండ నుంచి వచ్చిన రైతయినా, పక్కింటి పిల్లయినా, సరుకు కట్టిచ్చేలోపల ఇంట్లోవాళ్ళందరినీ పేరుపేరునా అడగాల్సిందే. లేని వస్తువు అడిగితే నేను తల ఊపి ఊరుకునేదాన్ని. అది ఆమెకు నచ్చేది కాదు. “నోరు తెరిచి చెప్పు పాపా. లేదనేది కూడా జవాబే. జవాబు లేకుండా మనిషిని పంపించొద్దు” అనేది. ఆ మాట నాకు అంగడిలో కంటే తరువాత పంచాయతీ ఆఫీసులో ఎక్కువ పనికొచ్చింది.

మా పంచాయతీ ప్రెసిడెంటు పదవి ఆడవాళ్ళకని వచ్చినప్పుడు పార్టీవాళ్ళు నేరుగా అత్త దగ్గరికే వచ్చారు. ఇంకెవరి పేరూ వాళ్ళకు తోచలేదు. ఆమె ముందు వద్దంది, తరువాత సరేనంది. మా పక్క ఒక వాడుక ఉంది. నిలబడే మనిషితోపాటు ఇంకొకరి చేత కూడా నామినేషన్ వేయిస్తారు. అసలు మనిషిది చెల్లితే రెండో మనిషి వాపసు తీసుకోవాలి. ఆ రెండో మనిషిగా నన్ను పెట్టారు. “లారీకి స్టెప్నీ ఉన్నట్ల, నాకు నీవు” అని అత్త దారి పొడుగునా నవ్వింది.

ఓట్లు అడగడానికి బయలుదేరిన మొదటి రోజు ఒక ఇంటి ముందు ఆగాం. మా ఊళ్ళో ఓటు అడగను వచ్చినవాళ్ళను ఊరికే పంపరు. పళ్ళెంలో పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్ళతో ఆరతి తిప్పి, ఆ నీళ్ళతోనే నొసట బొట్టు పెడతారు. ఆ ఇంటి కోడలు పళ్ళెంతో వచ్చేసరికి అత్త అలవాటు కొద్దీ వెనక్కి తగ్గి నన్ను ముందుకు నెట్టింది. మామ పోయాక ఏ శుభకార్యంలోనూ ఆమె ముందు నిలబడింది లేదు. “నిలబడేది మీరు కదమ్మా” అని ఆ పిల్ల ఆమె చెయ్యి పట్టి లాగి బొట్టు పెట్టేసింది. ఆ రోజు అత్త ఇంటికి వచ్చి మొహం కడుక్కునేటప్పుడు నొసలు మాత్రం తడపకుండా కడుక్కుంది.

అప్పటికే ఆమెకు మాట తడబడుతోంది. మైకు ఇస్తే రెండు మాటలు చెప్పి, మూడోదానికి నా మొహం చూసేది. ఎండకు అలిసిందనుకున్నాం. తరువాత వీధి చివర మేకలు మేపుకునే ఆమె వాకిట్లో, “మీ ఆయన ఎక్కడమ్మా, కనపడలేదే?” అని అత్త అడిగింది. ఆయన పోయి అప్పటికి ఆర్నెల్లు కూడా కాలేదు. చచ్చిన దినం పొద్దంతా ఆ ఇంట్లో కూర్చుని, ఆ ఆడమనిషిని పట్టుకుని ఏడ్చింది మా అత్తే. ఆ ఇంటామె కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. ఆమె కోడలు తెచ్చిన ఆరతి పళ్ళెం అట్లాగే తిరిగి లోపలికి పోయింది. పొద్దు గుంకేలోపల ఎదుటి పక్షంవాళ్ళు, సొంత ఊళ్ళో ఎవరున్నారో ఎవరు పోయినారో తెలియని మనిషికి ఓటెందుకని చెప్పుకుని నవ్వడం మొదలుపెట్టారు.

నామినేషన్ వాపసుకు మరుసటి రోజే ఆఖరు. పార్టీవాళ్ళు మా గోదాములో కూర్చున్నారు. “ఆమె పేరు చెప్పుకొని గెలవచ్చు. ఆమెను నిలబెట్టి గెలవలేము. కోడలినే ఉంచుదాం” అన్నాడు పార్టీ ఊరి కార్యదర్శి తమిళంలో. పార్టీలో పెద్దాయన ఒప్పుకోలేదు. “కోడలు అత్తను తోసేసింది అంటారు. ఇంట్లోనే పొత్తు లేదు, ఊరినేం చూస్తారు అంటారు. ఉన్నట్టే ఉండనియ్యి” అన్నాడు. మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. ఒక మాట మాత్రం అందరికీ తెలుసు. అత్త తన చేత్తో సంతకం పెట్టనిదే ఆమెను ఎవరూ తీసేయలేరు. ఆమెకు చెప్పేదెవరు అన్నప్పుడు అందరూ నా పక్కకు తిరిగారు.

అంగడిలో ఆమె బెల్లం పొట్లాలు కడుతోంది. గోడకు అవతలే గోదాము. అంతా వినే ఉంటుంది.

“పొమ్మంటాండారా?” అంది.

“అవునత్తా.”

“నీవేమంటావు?”

లేదనేది కూడా జవాబేనని నేర్పించిన మనిషి ముందు దాచడం నావల్ల కాలేదు. “వద్దత్తా. నీకు కష్టంగా ఉండాది. జనం నవ్వితే నేను చూడలేను” అన్నాను.

ఆమె పొట్లం దారం తెంపి ముడి వేసింది. “నాకు తెలస్తానే ఉండాది పాపా. పేర్లు పోతాండాయి. ఆ పొద్దు ఆయమ్మ వాకిట్లో నా నోరు నేనే కొట్టుకోవల్ననిపించినాది. పదవి ఏమి చేసుకునేది నేను? నీవు నాకంటే బాగా చూస్తావు. కానీ…” అని ఆగి నొసలు తడుముకుంది. “నవ్వొద్దు. మీ మామ పోయినాక నన్ను వాకిట్లో నిలబెట్టి బొట్టు పెట్టినోళ్ళు లేరు. ఓట్లకే పెట్టనీ, పెట్టినారు కదా. రేపటి నుంచి అది లేదే అని, అంతే.”

నాకు నవ్వు రాలేదు. ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను. మరుసటి రోజు పంచాయతీ యూనియన్ ఆఫీసులో వాపసు కాగితం మీద ఆమె కూడబలుక్కుంటూ తమిళంలో సంతకం పెట్టింది. బయటికి వచ్చి, “స్టెప్నీ ఎక్కినాది, ఇంక బండి పోనీండి” అని పార్టీవాళ్ళతో తనే తమాషా చేసింది. మిగిలిన రోజులన్నీ నా వెంటే తిరిగింది. పళ్ళెం బయటికి వస్తే మాత్రం ఎదురింటి అరుగు దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడేది. నేను గెలిచాను.

అప్పుడు మార్చింది సరేనా అని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. పార్టీకి సరే. ఊరికీ సరేననే అనుకుంటాను, నీళ్ళ ట్యాంకు వచ్చింది, బడి ముందర రోడ్డు పడింది. ఆమెకు సరేనా అంటే నా దగ్గర జవాబు లేదు.

నా పదవి గడువు ముగిసే నాటికి అత్తకు చాలా పోయాయి. అంగడి లెక్క పోయింది, మనవళ్ళ పేర్లు పోయాయి. సంతకం పెట్టి తప్పుకున్న సంగతి కూడా పోయింది. పొద్దున్నే తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, “ఇయ్యాల ఏ వీధికి పోతాం పాపా?” అని వచ్చేది. మొదట్లో చెప్పి చూశాను. చెప్పినప్పుడల్లా కొత్తగా బాధపడేది, దాంతో మానేశాను. చెయ్యి పట్టుకుని ఏదో ఒక వీధికి తీసుకుపోయేదాన్ని. ఎదురైన ప్రతివాళ్ళకూ చేతులు జోడించేది. “మీకే అమ్మా మా ఓట్టు” అనేవాళ్ళు జనం. ఒక్కరు కూడా నవ్వలేదు. అందుకు నేను ఈ ఊరికి రుణపడి ఉన్నాను.

ఆసుపత్రి నుంచి తెచ్చినాక ఆమెను అంగడి ముందర పడుకోబెట్టాం. ఎత్తడానికి సిద్ధమవుతుండగా మేకలు మేపుకునే ఆమె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చేతిలో ఆరతి పళ్ళెం. ఎర్రనీళ్ళు.

“సావింట్లో ఆరతి ఏంది? అదీ మొగుడు పోయిన నీవా తెచ్చేది?” అన్నాడు మావాళ్ళలో ఒక పెద్దాయన.

“మా వాకిటికి ఓట్టు అడగను వచ్చినాది” అంది ఆమె. “ఆ దినం బొట్టు పెట్టకుండానే పంపించేస్తిమి.”

అందరూ నన్ను చూశారు. పదవి పోయినా నన్ను ప్రెసిడెంటమ్మ అనే అంటారు ఇంకా.

“పెట్టమ్మా” అన్నాను.

ఆమె మూడుసార్లు తిప్పి, వేలు ముంచి, అత్త నొసట వెడల్పుగా బొట్టు పెట్టింది. ఎవరూ తుడవలేదు. ఆడవాళ్ళం కాటికి పోము కనుక నేను గడపలోనే నిలబడి చూశాను. పాడె మా వీధి దాటి పై వీధిలోకి తిరిగింది. బొటనవేళ్ళు కలిపి కట్టిన ఆ రెండు చేతులు ఎదమీద జోడించినట్టే ఉన్నాయి. నొసట బొట్టు తడి ఇంకా ఆరలేదు. వాకిళ్ళలో నిలబడిన వాళ్ళందరికీ దండం పెట్టుకుంటూ మా అత్త ఒక్కొక్క ఇల్లే దాటిపోయింది.